రాత్రియంతయు నడచినవారు

వేదపాఠము: 1 సమూయేలు 31:8–13, 1 రాజులు 19:1–8, అపొ. కార్యములు 16:25–34



సౌలు రాజు మరణమును గూర్చి మన సంఘములలో ప్రసంగములు అనేకము వినియున్నాము. అవిధేయతకు ఫలము ఈలాగుండునని చెప్పి బోధకులు గ్రంథమును మూసివేయుదురు. గాని ఆ అధ్యాయము సౌలు మరణముతో ముగియలేదు. చివరి మూడు వచనములలో మరియొక సంగతి కలదు. దానిని చదివి దాటిపోవుట మనకు వాడుక. ఈ నెల పాఠమునకు ఆ వచనములనే ముఖ్యముగా తీసికొనుచున్నాము.

గిల్బోవ పర్వతముమీద యుద్ధములో ఓడిపోయి, గాయపడి, కుమారులను పోగొట్టుకొని, సౌలు తన ప్రాణమును తానే తీసికొనెను. ఫిలిష్తీయులు అతని శవమును బేత్షాను పట్టణపు గోడకు తగిలించిరి. ఆ వార్త యొర్దాను ఆవలనున్న యాబేష్గిలాదు ఊరివారికి చేరెను. అప్పుడు ఆ ఊరి బలశాలులందరు లేచి, రాత్రియంతయు నడచి వెళ్లి, శత్రువుల గోడమీదనుండి సౌలు శవమును, అతని కుమారుల శవములను దించి, తమ ఊరికి మోసికొని వచ్చిరి. ఎముకలను పిచులవృక్షము క్రింద పాతిపెట్టి ఏడు దినములు ఉపవాసముండిరి.

వారు ఏల ఇంత శ్రమ పడిరి? సౌలు రాజైన క్రొత్తలో అమ్మోనీయుడైన నాహాషు ఆ ఊరిని ముట్టడించి, జనులందరి కుడికన్నులు ఊడదీయుదునని బెదరించినప్పుడు, సౌలే వచ్చి వారిని విడిపించెను. ఆ కథ 11వ అధ్యాయములో నున్నది. సౌలు కడపట ఎట్లు చనిపోయెనో వారికి తెలియును. అయినను అతడు ఎట్లు బ్రదికెనో వారు మరచిపోలేదు. తరువాత దావీదు ఈ సంగతి విని, మీరు చూపిన దయకు యెహోవా మిమ్మును దీవించునని వారికి వర్తమానము పంపెను (2 సమూయేలు 2:5). సౌలు చేసిన పని మంచిదా చెడ్డదా యని వారు సభ చేసినట్లు వ్రాయబడలేదు. నడచినట్లు మాత్రము వ్రాయబడియున్నది.

ఈ వచనములను ధ్యానించుచుండగా, ఇంగ్లండు దేశములో 2021వ సంవత్సరమున జరిగిన వేరొక నడక మాకు జ్ఞాపకమునకు వచ్చినది. వార్తాపత్రికలలో చదివిన సంగతియే గాని, మన సంఘములు తెలిసికొనదగినది.

ఆండీ ఎయిరీ, మైక్ పామర్, టిమ్ ఓవెన్ అను ముగ్గురు తండ్రులు కలరు. ఒకరు ఉత్తరమున కంబ్రియా సీమలోని పల్లెటూరివారు. ఒకరు మాంచెస్టరు దగ్గర సేల్ అను ఊరివారు. ఈయన అగ్నిమాపకదళములో పనిచేసినవారు, అనగా పరుల ప్రాణములు కాపాడుటయే వృత్తిగా గలవారు. మూడవవారు తూర్పున నార్ఫోకు సీమలోని పల్లెటూరివారు. వీరికి ముందు ఒకరితో ఒకరికి ముఖపరిచయము లేదు. ముగ్గురికిని కుమార్తెలు పోయిరి. ఒకరి కుమార్తె 2018 డిసెంబరులో, మిగిలిన ఇద్దరి కుమార్తెలు 2020 మార్చిలో, తమ ప్రాణములు తామే తీసికొనిరి. ఆ బిడ్డల వయస్సు 29, 17, 19 సంవత్సరములు. ఈ దుఃఖమే ఆ ముగ్గురిని ఒకచోట చేర్చినది.

2021 అక్టోబరులో వీరు ముగ్గురు బయలుదేరి, మొదటివారి యింటినుండి రెండవవారి యింటి మీదుగా మూడవవారి యింటివరకు 300 మైళ్లు కాలినడకను వెళ్లిరి. పదిహేను దినముల ప్రయాణము. దినమునకు 20 మైళ్లు, మన లెక్కకు 32 కిలోమీటర్లు. వీరు వ్యాయామవీరులు కారు. నడివయస్సు దాటిన గృహస్థులు. అక్కడ అక్టోబరు మాసమనగా చలియు వానయు గల కాలము. మిషను దినములలో సంచి భుజమున వేసికొని ఊరూరు నడచిన ఉపదేశకుల బిడ్డలకు, 15 దినములు వరుసగా 20 మైళ్లు నడచుట యనగా ఏమో మేము వివరింపనక్కరలేదు. మూడవనాటికి పాదములు పొక్కును. ఏడవనాటికి మోకాళ్లు మాటలాడును.

వారు నడచినది పాపిరస్ అను సంస్థ కొరకు. తమ బిడ్డలను ఈలాగు పోగొట్టుకొన్న తలిదండ్రులు 1997లో దానిని స్థాపించిరి. బ్రదుకు భారమైన యౌవనులును, అట్టివారిని గూర్చి భయపడుచున్న యింటివారును టెలిఫోను చేసి మాటలాడుటకు ఆ సంస్థవారు మనుష్యులను నియమించియున్నారు. ముగ్గురు తండ్రులు కొంచెము చందా వచ్చిన చాలుననుకొని బయలుదేరిరి. మొదటి నడక ముగియునప్పటికి అయిదు లక్షల పౌండ్లకు మించి వచ్చినది. డేనియల్ క్రెయిగ్ అను పేరుపొందిన సినిమా నటుడు 10,000 పౌండ్లు పంపెను. ధనవంతుని కానుక పత్రికలకు పెద్ద వార్త. మా దృష్టికి పెద్దదిగా తోచినది వేరొకటి.

వారు నడచిన త్రోవ పొడుగునను మనుష్యులు వచ్చి వారిని కలిసికొనిరి. వారిలో తమ బిడ్డను, తమ్ముని, భర్తను ఈ రీతిగానే పోగొట్టుకొన్నవారు అనేకులు. కొందరు ఒకటి రెండు మైళ్లు వారితో కలిసి నడచి, తమ బిడ్డ పేరు చెప్పి, కన్నీరు తుడుచుకొని వెనుకకు వెళ్లిరి. ఎన్నో యేండ్లుగా నోట రాని మాట రోడ్డుమీద, క్రొత్తవారియొద్ద, వచ్చినది.

నడచినంతమాత్రమున ఎవరి ప్రాణమైనను నిలుచునా అని మీలో ఒకరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. మేమును అడుగుకొంటిమి. పొలమునకు కలిసి వెళ్లు ఇద్దరు మనుష్యులను చూడుడి. ఎదురెదురుగా కూర్చుండి చెప్పుకొనలేని మాట గట్టుమీద నడచుచు చెప్పుకొందురు. ఒకరి ముఖము ఒకరు చూడనక్కరలేదు. కన్నులు త్రోవమీద నుండును. మాట మెల్లగా వచ్చును. ఎమ్మాయు త్రోవలో మన ప్రభువు చేసినది ఇదియే గదా (లూకా 24). ఆశ పోయి ముఖములు వాడియున్న యిద్దరితో ఆయన కలిసి నడచి, మీరు దేనిని గూర్చి మాటలాడుకొనుచున్నారని అడిగెను. ఆయనకు తెలియక అడిగెనా? వారు చెప్పుకొనునంతవరకు విని, ఆ తరువాతనే లేఖనములు విప్పెను. మనలో అనేకులము లేఖనములు ముందు విప్పి, వినుట మరచిపోవుదుము.

ఆ తండ్రులు చెప్పిన సంగతి యింకొకటి కలదు. బ్రిటను దేశములో 35 సంవత్సరములలోపు వారిని ఎక్కువమందిని తీసికొనిపోవునది కాన్సరు కాదు, రోడ్డు ప్రమాదము కాదు, ఈ మరణమే. తమ బిడ్డలు పోవునంతవరకు ఈ మాట వారికి ఎవరును చెప్పలేదు. చదువుకొన్నవారు, పత్రికలు చదువువారు, బిడ్డలను ప్రేమించిన తండ్రులు, వారికే తెలియదు. రోడ్డు దాటునప్పుడు చెయ్యి పట్టుకొనుటయు, నూతి దగ్గర ఆడవద్దని చెప్పుటయు ప్రతి తండ్రికి తెలియును. దీనిని గూర్చి మాత్రము ఇంటిలో మాట లేదు, బడిలో మాట లేదు.

గనుక వారు మరల నడచిరి. 2022 సెప్టెంబరు 10వ తేదీన, అనగా ఈ మరణముల నివారణకై లోకమంతట ఏర్పరచబడిన దినమున బయలుదేరి, బెల్ఫాస్టు, ఎడింబరో, కార్డిఫ్, లండను నగరములలోని నాలుగు శాసనసభలను కలుపుచు సుమారు 600 మైళ్లు నడచి, అక్టోబరు 10వ తేదీన లండను చేరిరి. బడిలో చదువు బిడ్డలకు, వారి వయస్సుకు తగినట్లు, ఈ విషయము నేర్పవలెనని వారి మనవి. లక్షన్నరకు పైగా జనులు ఆ అర్జీలో చేవ్రాలు చేసిరి. 2023 మార్చిలో పార్లమెంటులో దానిపై చర్చ జరిగినది. 2025లో ఇంగ్లండు విద్యాశాఖవారు ఉన్నత పాఠశాలలకు వెలువరించిన నూతన మార్గదర్శకములలో ఈ నివారణ విషయమునకు చోటు దొరకినది. అయినను ఆ ముగ్గురి యిండ్లలో ఖాళీయైన గదులు ఖాళీగానే యున్నవి. దానిని కూడ చెప్పవలెను.

ఇప్పుడు మన సంగతికి వత్తము. మన భాషలో ఈ మరణమునకున్న పేరులోనే హత్య అను మాట యున్నది. పేరు వినగానే నేరస్థుడు ఎవరని వెదకుదుము. చనిపోయినవాని మీదనో, అతని భార్య మీదనో, అత్త మీదనో వేలు చూపుదుము. లేనియెడల దాచిపెట్టుదుము. కడుపునొప్పి తాళలేక అని పత్రికలో రెండు పంక్తులు వచ్చును. ఆ మాట మీరందరు చదివియున్నారు. అన్ని వేల కడుపునొప్పులు నిజమేనా? పరువు కొరకు, కేసు భయము కొరకు, సమాధుల తోటలో చోటు కొరకు వ్రాయించిన మాట అది. దాచినందున తరువాతివాడు తన భారమును చెప్పుకొనుటకు త్రోవ మూసికొనిపోవును.

మన దేశపు లెక్క కూడ తెలిసికొనుడి. 2022వ సంవత్సరమున 1,70,924 మంది ఈలాగు చనిపోయినట్లు కేంద్ర ప్రభుత్వపు నేరగణాంక సంస్థవారు ప్రకటించిరి. దినమునకు 468 మంది. వారిలో నాలుగింట ఒక వంతుకు పైగా దినకూలి చేసికొను బీదలు. విద్యార్థులు 13,000 మందికి పైగా నుండిరి. ఇవి వ్రాతకు ఎక్కినవి మాత్రమే.

దీనిని గూర్చి మాటలాడిన యెడల లేని ఆలోచన పుట్టించినట్లగునని మన పెద్దలలో అనేకులకు భయము. ఆ భయమును మేము తేలికగా త్రోసివేయము. ఎందుకనగా మాటలాడు రీతి ఒకటి చెడ్డది కలదు. ఎక్కడ, ఎట్లు, దేనితో యని వివరించుట, చనిపోయినవాని ఫోటో ఊరంతయు చూపుట, పాపము కష్టములు తప్పించుకొని హాయిగా వెళ్లిపోయెనని పొగడుట, ఇవి హానికరములు. కూటములలో సాక్ష్యము చెప్పువారును ఈ విషయములో జాగ్రత్తగా నుండవలెను. అయితే బాధపడుచున్న మనుష్యుని ప్రక్కన కూర్చుండి, చనిపోవలెనని తోచుచున్నదా అని నెమ్మదిగా, సూటిగా అడుగుట వేరు. అడిగినందున ఆ ఆలోచన పుట్టదనియు, అడుగుటవలన అనేకులకు భారము దిగుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థవారును వైద్యులును చెప్పుచున్నారు. ఆ ఆలోచన అప్పటికే అతని లోపల నున్నది. అతడు ఒంటరిగా మోయుచున్నాడు. మనము అడుగుట మోతకు రెండవ భుజము పట్టుటయే.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయమునకు తిరుగుడి. ఫిలిప్పీ చెరసాలలో భూకంపము వచ్చి తలుపులన్నియు తెరచుకొనెను. ఖైదీలు పారిపోయిరని తలంచి చెరసాల నాయకుడు కత్తి దూసెను. అతనికి కనబడినది అవమానమును శిక్షయు మాత్రమే. ఆ చీకటిలో పౌలు చూచి, బిగ్గరగా కేక వేసెను. ఆ కేకలో రెండు సంగతులు మాత్రమే యున్నవి: నీకు నీవు హాని చేసికొనవద్దని ఒకటి, మేమందరము ఇక్కడనే యున్నామని రెండవది. ఇదే మనుష్యుడు కొన్ని గంటలకు ముందు పౌలు కాళ్లకు బొండ వేసి బిగించినవాడు. అతడు చచ్చిన పౌలుకు నష్టము లేదు, త్రోవ తెరచియున్నది. అయినను కేక వేసెను. అప్పుడు సిద్ధాంతము చెప్పలేదు, ఇది పాపమని చెప్పలేదు. దీపము వచ్చిన తరువాత, అతడు వణకుచు అడిగిన తరువాతనే బోధ వచ్చినది. ముందుగా వచ్చినది, నీవు ఒంటరివి కావు అను కబురు. సంఘముగా మనము ఎవరికైనను ఆ మాట చెప్పవలెనన్న, మేమందరము ఇక్కడనే యున్నామనుట నిజమై యుండవలెను గదా. ఆదివారము మాత్రమే ఇక్కడ నుండు సంఘము ఆ కేక వేయలేదు.

భక్తులకు ఇట్టి తలంపు రాదని కొందరందురు. మోషే తన ప్రాణము తీసికొమ్మని దేవుని వేడుకొనెను (సంఖ్యా. 11:15). యోనా వేడుకొనెను. యోబు తాను పుట్టిన దినమును శపించెను. ఏలీయా సంగతి అన్నిటికంటె స్పష్టము. కర్మెలుమీద అంతటి జయము పొందిన ప్రవక్త, కొద్ది కాలములోనే యెజెబెలు బెదరింపుకు పారిపోయి, తన పనివానిని బెయేర్షెబాలో విడిచిపెట్టి, ఒంటరిగా అరణ్యములోనికి ఒక దినపు ప్రయాణము వెళ్లి, బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరెను. తోడుగా నున్నవానిని విడిచిపెట్టెనను మాటను గుర్తించుడి. ఎల్లప్పుడు మనతో నుండువాడు హఠాత్తుగా అందరినుండి తొలగుట, ప్రియమైన వస్తువులు పంచిపెట్టుట, నేను లేకున్న మీకు సుఖమని పలుకుట, నిద్రాహారములు మానుట, త్రాగుడు ఎక్కువగుట, ఇవి కనబడినప్పుడు కోపమనియు సోమరితనమనియు త్రోసివేయక దగ్గరకు వెళ్లవలెను.

దేవుడు ఏలీయాకు ఏమి పంపెను? గద్దింపు పంపలేదు. దూత వచ్చి ముట్టెను. నిప్పులమీద కాల్చిన అప్పమును, నీళ్ల బుడ్డియు పెట్టెను. అతడు తిని మరల నిద్రపోయెను, దూత నిద్రపోనిచ్చెను. రెండవమారు లేపి, నీ ప్రయాణము నీ శక్తికి మించినదని చెప్పి మరల తినిపించెను. ఆ భోజనపు బలముతో ఏలీయా 40 దినములు నడచి హోరేబు చేరెను. దేవునితో మాటలాడుట అక్కడ జరిగినది. చావు కోరినవాడు నడచిన నడక అది! మనము సామాన్యముగా హోరేబుతో ఆరంభించి అప్పము మరచిపోవుదుము. ఉపవాసకూటమునకు రమ్మని, విశ్వాసము చాలదని చెప్పుదుము. నాలుగు రాత్రులు నిద్ర లేని మనుష్యునికి మొదట కావలసినది నిద్రయు, అన్నమును, వైద్యుడును. మనస్సుకు వచ్చు జబ్బునకు వైద్యుడు వ్రాసిన మాత్రలు మ్రింగుట అవిశ్వాసము కాదు. మలేరియాకు మందు పుచ్చుకొని, మనోవ్యాధికి ప్రార్థన చాలునని చెప్పువారి వేదాంతము మాకు అర్థము కాలేదు. ప్రార్థన రెండింటికిని కావలెను.

లండనులో చాడ్ వారా అను పాదిరిగారు ఉండిరి. 1935లో, ఆయన క్రొత్తగా సేవలో ప్రవేశించిన దినములలో, ఒక చిన్నదానిని సమాధి చేయవలసి వచ్చెను. వయస్సు వచ్చినందున శరీరములో కలిగిన మార్పును ఆ పిల్ల భయంకరమైన రోగమనుకొనెను. అడుగుటకు ఎవరును లేక ప్రాణము తీసికొనెను. ఆయన ఆ దినమును మరువలేదు. 18 సంవత్సరములకు, 1953 నవంబరులో, తన ఆలయములోనే ఒక టెలిఫోను పెట్టి, చావవలెనని తోచినవారు మాటలాడవచ్చునని ప్రకటించెను. జనులు వచ్చిరి. ఆయనను చూచుటకు వరుసలో కూర్చుండినవారికి సంఘములోని సామాన్యులైన స్త్రీపురుషులు టీ యిచ్చి మాటలాడుచుండిరి. కొంతకాలమునకు ఒక సంగతి కనబడెను. టీ త్రాగుచు మాటలాడినవారిలో అనేకులు, భారము తగ్గి, పాదిరిగారిని చూడకయే యింటికి వెళ్లుచుండిరి. అప్పుడు ఆయన ఆ పనిని ఆ సామాన్యులకే అప్పగించెను. సమరయుల సంఘము, సమారిటన్స్, అను పేరుతో నేటికిని అది సాగుచున్నది. చదువు లేదని, ప్రసంగము రాదని వెనుకదీయు మన సంఘస్థులు దీనిని గమనింతురు గాక.

సమాధుల తోట మాట ముందే వచ్చినది. దానిని దాటవేయుటకు వీలు లేదు. ఈలాగు చనిపోయినవారిని సంఘపు తోటలో పెట్టనీయము, కంచె వెలుపల, ప్రార్థన లేకుండ పాతిపెట్టుడి అను మాట కొన్ని ఊళ్లలో నేటికిని వినబడును. ఇది ఎక్కడనుండి వచ్చినది? వేదములోనుండి రాలేదు. ఇంగ్లండులో పూర్వము అట్టివారిని నాలుగు త్రోవలు కలిసిన చోట పాతిపెట్టుచుండిరి. 1823లో ఒక చట్టము వచ్చి దానిని మాన్పించి, ఆలయపు ఆవరణములో పెట్టనిచ్చెను గాని, రాత్రి 9 గంటలకును 12 గంటలకును మధ్య, ఆరాధన లేకుండ పెట్టవలెనని విధించెను. 1882లో మరియొక చట్టము ఆ రాత్రి నియమమును తీసివేసెను. 1662 నాటి ఆంగ్లికను ప్రార్థన పుస్తకములో సమాధి క్రమమును ఇట్టివారికి వాడరాదను నియమము కలదు. ఆ పుస్తకము మిషనరీలతో మన దేశమునకు వచ్చినది. మన తాతలు దానితోనే ఆరాధించిరి. మిషనరీలు మనకు చేసిన మేళ్లు అనేకము. వాటితోకూడ ఓడలో వచ్చిన ఇట్టి వాడుకలను వేదముతో సరిచూచుకొనుట మన పని.

వేదములో ఏమున్నది? దావీదును విడిచి అబ్షాలోముతో చేరిన అహీతోపెలు తన ప్రాణము తీసికొనినప్పుడు, అతనిని అతని తండ్రి సమాధిలోనే పాతిపెట్టిరి (2 సమూయేలు 17:23). ద్రోహికి కూడ తండ్రి ప్రక్కన చోటు దొరికినది. సౌలు కొరకు బలశాలులు రాత్రియంతయు నడచిరి. ప్రాణము దేవునిది, దానిని తీసికొను అధికారము మనకు లేదని మేము బోధించుచున్నాము, బోధింతుము. అయితే ఆ కడపటి గడియలో ఆ మనుష్యుని మనస్సు ఎంత చీకటిలో నుండెనో చూచినవాడు దేవుడొక్కడే. తీర్పు ఆయన చేతిలో విడిచిపెట్టుదము. గుంట త్రవ్వుట, ప్రార్థించుట మన చేతిలోనివి.

కేసు భయమును గూర్చి ఒక మాట. చావబోయి బ్రదికినవానిని పూర్వము చట్టము శిక్షించుచుండెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, అట్టివాడు తీవ్రమైన మనోవేదనలో నుండెనని భావించి, శిక్షింపక, ప్రభుత్వమే అతనికి వైద్యమును సంరక్షణయు చూపవలెనని చెప్పినది. 2024 జూలైనుండి అమలులోనున్న నూతన న్యాయ సంహితలో ఆ పాత సెక్షను లేదు. అధికారిని నిర్బంధపెట్టుటకై చేయు ప్రయత్నము మాత్రమే నేరముగా మిగిలినది. గనుక పోలీసులకు భయపడి ఆసుపత్రికి తీసికొనిపోక ఇంటిలో దాచుట ప్రాణాపాయము.

మరియొకటి. ఆ తలంపు చాలమందిలో అలవలె లేచి, కొన్ని గంటలకో కొన్ని దినములకో తగ్గునని వైద్యులందురు. అల లేచినప్పుడు చేతికి ఏమి అందునన్నదే ముఖ్యము. శ్రీలంకలో మిక్కిలి విషకరమైన పురుగుల మందులను 1995 మొదలుకొని ఒక్కొక్కటిగా నిషేధించిరి. తరువాతి ఇరువది యేండ్లలో ఆ దేశములో ఈ మరణములు నూటికి 70 వంతులు తగ్గినవి. పంట తగ్గలేదు. మన రైతుల యిండ్లలో మందు డబ్బాలు మంచము క్రిందను, దూలము మీదను ఉండుట మేము చూచుచున్నాము. పెట్టెలో పెట్టి తాళము వేసి, తాళపుచెవి వేరొకరియొద్ద ఉంచుడి. కష్టకాలములో నున్న యింటిలో మందు ఏమియు లేకుండ, కొంతకాలము పొరుగువారింట దాచుట మరియు మంచిది. పంట పోయిన యేడును, పరీక్షా ఫలితములు వచ్చు వారమును ఇది మరి ముఖ్యము.

యాబేషువారు సౌలును పాతిపెట్టిన తరువాత ఏడు దినములు ఉపవాసముండిరి. మన ఊళ్లలో ఇట్టి మరణము జరిగిన యింటికి మూడవనాటినుండి రాకపోకలు ఆగిపోవుట చూచుచున్నాము. ఏమి మాటలాడవలెనో తెలియక ఆగుదురు. దయ లేక కాదు. అయితే ఆ యింట మిగిలినవారు, ముఖ్యముగా తల్లియు, భార్యయు, అన్నదమ్ములును, అదే త్రోవ పట్టు అపాయము ఎక్కువ. మా పాస్టరేటులోని ఒక ఊరిలో బైబిలు స్త్రీయైన పెద్దమ్మగారొకరు అట్టి యింట పదునొకండు రాత్రులు పండుకొనిరి. ఏమి బోధించితిరమ్మా అని అడిగితిమి. ఏమియు లేదయ్యగారూ, పొయ్యి అంటించి గంజి కాచితిని, చనిపోయిన పిల్లవాని చిన్ననాటి సంగతులు వాళ్లమ్మ చెప్పుచుండగా వింటిని, అనిరి. సంఘ పెద్దలు ఈ పనిని ఒక్క పెద్దమ్మకు విడువక వంతులు వేయవలెను. యౌవనస్థుల కూటమువారు కూడ ఒక వంతు తీసికొనవలెను. పది మైళ్ల దూరముననున్న యింటికైనను వెళ్లుడి. ఆ ముగ్గురు తండ్రులు ఒక్క దినమున దానికి రెండింతలు నడచిరి.

రాత్రివేళ ఎవరును అందుబాటులో లేనప్పుడు మాటలాడుటకు మన దేశములోను టెలిఫోను కలదు. దానిపేరు టెలిమానస్. కేంద్ర ప్రభుత్వము దానిని 2022 అక్టోబరు 10న ఆరంభించినది. ఆ ముగ్గురు తండ్రులు రెండవ నడక ముగించి లండను చేరిన దినమే అది. ఇరువది నాలుగు గంటలును పలుకును, తెలుగులో మాటలాడవచ్చును, రుసుము లేదు. సంఖ్య 14416. ప్రతి ఆలయములో ఆదివారము కీర్తనల సంఖ్యలు వ్రాయు పలక క్రింద ఆ అయిదు అంకెలను కూడ సుద్దతో వ్రాసి యుంచుడి. చెరిగినప్పుడెల్ల మరల వ్రాయుడి.